ఊళ్ళో గ్రంథాలయానికి సాయపడే బృందం పెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

ఎలా మొదలుపెట్టినా పుస్తకాల సేకరణతో మాత్రం మొదలుపెట్టకండి. మేము ఆ పనే చేశాం, గుంటూరు వైపు ఒక చిన్న పట్టణంలో, ఐదారేళ్ళ కిందట.

వాట్సాప్ గ్రూపు పెడితే వారంలో అరవై మంది చేరారు. ఏ మెసేజ్ పెట్టినా "సూపర్ సార్", దండాల బొమ్మలు. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అని తేల్చుకోవడానికే రెండు ఆదివారాలు పోయాయి. మూడో వారం ఎవరో "ఇంటింటికీ తిరిగి పాత పుస్తకాలు అడుగుదాం" అన్నారు. జనం కాదనలేదు సరికదా, అటక మీద ఉన్నదంతా దించి ఇచ్చారు. మూడు ఆటోలు నిండాయి. బస్తాలన్నీ శాఖా గ్రంథాలయం ముందు దింపి, బ్యానర్ కట్టి ఫొటో కూడా దిగాం.

లైబ్రేరియన్ మేడం బయటికొచ్చి ఏమీ అనలేదు. కుర్చీ వేయించుకుని ఒక బస్తా మూతి విప్పారు. ఎప్పటిదో బ్యాంకు పరీక్షల గైడు. అట్ట లేని ఇంటర్ కెమిస్ట్రీ. ఎరువుల కంపెనీ డైరీ. పోయిన ఏడాది పంచాంగం. శుభలేఖల కట్ట. ఆవిడ ఒక్కోటి తీసి పక్కన పెడుతుంటే, ఫొటోలో ముందు వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే "ఇప్పుడే వస్తా" అంటూ బండి తీశారు. మూడు ఆటోల సరుకులో పనికొచ్చినవి బీరువాలో రెండు అరలకి సరిపోయాయి. వాటిలో పిల్లల పత్రికల బైండు ఒకటి ఉంది. లోపల ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో "ఇది నాది. పేజీ చింపితే కళ్ళు పోతాయి" అని రాసుకున్నాడు. మేడం నవ్వింది ఆ ఒక్కసారే.

మిగతాదంతా పాత కాగితాల కొట్టులో నేనే వేశాను. వచ్చిన డబ్బు ఆటోల బాడుగకి కూడా చాలలేదు.

ఆ సాయంత్రం ఆవిడ యాక్సెషన్ రిజిస్టర్ చూపించారు. లోపలికొచ్చే ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు పడాలి, ముద్ర పడాలి, ఆ తర్వాతే ర్యాక్ ఎక్కాలి. పోతే సంజాయిషీ ఆవిడదే, ఒక్కోసారి జీతంలోంచి కట్టుకోవాలి కూడా. "మీరు ఇచ్చి వెళ్ళిపోతారండీ, ఆడిట్‌కి నేను కదా కూర్చోవాల్సింది" అన్నారు. బీరువాలకి తాళాలెందుకో నాకు అప్పుడు తెలిసింది. మన గ్రంథాలయాలకి పట్టిన చెద ఆ తాళాలేనని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పిన ప్రాంతం మాది. అలాంటి చోట ఇప్పుడు బస్టాండుకి కూతవేటు దూరంలో ఉన్న పుస్తకం అద్దం వెనక కనిపిస్తుంది, చేతికి అందదు.

కాబట్టి ముందు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి "ఏ పని మిగిలిపోయిందండీ?" అని అడగండి. మాకు జాబితా చేంతాడంత వచ్చింది. వెన్ను మీద ఊడిపోయిన నంబరు చీటీలు మళ్ళీ రాసి అతికించడం, చిరిగిన అట్టలు అంటించడం, వానలు వెలిశాక పుస్తకాలు నీడన ఆరబెట్టడం. అరవై మందిలో ఈ పనికి వచ్చింది ఐదుగురు. చాలు.

చందాలు అడగబోయే ముందు మీ ఇంటి పన్ను లెక్క తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్. అంటే చందా మనం ఏటా కడుతూనే ఉన్నాం. వసూలు చేసినవాళ్ళు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. చేశారా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పడేయండి. మేము పడేశాం. జవాబు చదివాక, గ్రంథాలయ వారోత్సవాలకి శాలువా పట్టుకొచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతోంది.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే కుర్రాళ్ళు సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దున్నుంచీ కుర్చీలు పట్టుకు కూర్చుంటారని, వాళ్ళు అసలు పాఠకులే కాదని మీ బృందంలో ఒక పెద్దాయన తప్పకుండా అంటారు. ఆయన మాట వినకండి. మా దగ్గర ఫ్యాను ఆగిపోతే బల్లెక్కి బాగుచేసింది వాళ్ళలో ఒకడే.

ఒక్క బీరువా తాళం తీయించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఏ పుస్తకం పోయినా ఐదుగురం డబ్బు కడతామని మేడంకి కాగితం రాసిచ్చాం. మొదటి ఏడాది నాలుగు పోయాయి, కట్టాం. ఆ పిల్లాడి బైండు కూడా ఆ బీరువాలోనే ఉంది, నంబరు పడి, ముద్ర పడి. దాన్ని పిల్లలు తెగ నలిపేశారు. పేజీ మాత్రం ఒక్కటీ చిరగలేదు.