యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లేని వీధికి డ్రైనేజీ చార్జీ వేయవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ శివారు కాలనీ. సొంత ఇల్లు, అరంగుళం కుళాయి. ఇంటి పన్నులోనే నీటి పన్ను, డ్రైనేజీ పన్ను కడుతున్నాం. మళ్లీ నీటి చార్జీ, డ్రైనేజీ చార్జీ అంటూ వేరే బిల్లు వస్తోంది. మా వీధిలో యూజీడీ లైనే లేదు. ఎవరిని అడిగి రేట్లు పెంచుతున్నారు? కట్టడం మానేయవచ్చా?

జవాబు: మానేయకండి. ఇంటి పన్ను బకాయిపై నెలనెలా వడ్డీ పడుతుంది, కుళాయి బకాయి పెరిగితే కనెక్షన్ కత్తిరిస్తారు. ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని ఒక లేఖ ఇచ్చి, దాని నకలుపై ఇన్‌వర్డ్ ముద్ర (లేఖ అందినట్లు ఆఫీసు వేసే ముద్ర) వేయించుకుని కట్టండి. రేపు ఏ కోర్టులోనైనా ఆ ముద్రే మీ సాక్షి.

ఇప్పుడు మీ డిమాండ్ నోటీసు ముందు పెట్టుకోండి. ఏ అంకె ఎదురుగా ‘పన్ను’ అని ఉంది, ఏ అంకె ఎదురుగా ‘చార్జీ’ అని ఉంది? కేసు మొత్తం అక్కడే తేలిపోతుంది. మన కార్పొరేషన్లకు వర్తించే 1955 నాటి చట్టం ఇంటి పన్నులో సాధారణ పన్నుతో పాటు నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను వేర్వేరు భాగాలుగా చూపింది. పన్నుకు ప్రతిఫలం అడిగే హక్కు మనకు లేదు. మీ ఇంటి ముందు దీపం వెలగకపోయినా దీపాల పన్ను కట్టాల్సిందే. చార్జీ సంగతి వేరు. అది సేవకు కట్టే రుసుము. సేవకూ సొమ్ముకూ సంబంధం ఉండాలని సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో చెప్పింది.

అయితే పైసా పైసా లెక్క కుదరాలని అనుకోకండి. మన రాష్ట్ర మార్కెట్ కమిటీల రుసుముపై వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో (1983) అంత ఖచ్చితమైన తూకం అక్కర్లేదని అదే కోర్టు తేల్చింది. కృష్ణ నీటిని శుద్ధి చేసి, మొగల్రాజపురం కొండ మీది ఇళ్లకు కూడా పంపు చేయాలి. కరెంటు బిల్లు, క్లోరిన్, పైపుల మరమ్మతు, జీతాలు అన్నీ కలిపి ఊరందరిపై పంచితే కోర్టు సాధారణంగా తప్పు పట్టదు. కానీ లైనే వేయని వీధిలో డ్రైనేజీ చార్జీ వసూలు చేస్తే పంచడానికి సేవే ఉండదు. మీ బలమైన వాదన ఇదే. సైడు కాలువ పూడిక తీతకే ఆ సొమ్ము అంటే మాత్రం, ఏ తీర్మానం కింద అని అడగండి.

రేటు ప్రతిపాదన కమిషనర్ దగ్గర పుట్టి, స్థాయీ సంఘం మీదుగా కౌన్సిల్‌కు వస్తుంది. కౌన్సిల్ లేని కాలంలో ప్రత్యేక అధికారి సంతకం సరిపోతుంది. ఆ పైన ప్రభుత్వ జీవోల కళ్లెం ఉంటుంది. నీరు, మురుగు సేవల ఖర్చుకు తగ్గట్టు చార్జీలుండాలన్నది 2020లో రాష్ట్రాల అదనపు అప్పుకు కేంద్రం పెట్టిన షరతుల్లో ఒకటి. దాన్ని పూర్తి చేసినందుకు 2021 జనవరికల్లా ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అప్పుకు అనుమతి వచ్చింది. మీ బిల్లు పెరగడానికి మూలం ఢిల్లీలోనూ ఉందన్నమాట. మీ కార్పొరేటర్ ఈ ముక్క మీకు చెప్పి ఉండరు.

ముందుగా 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రేటు పెంచిన తీర్మానం నకలు, దానికి జత చేసిన ఖర్చు లెక్క, మీ వీధి మురుగు లైన్ల పటం అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. పటంలో మీ వీధి ఖాళీగా కనబడితే పని సగం అయినట్లే. తర్వాత కమిషనర్‌కు వినతి ఇవ్వండి. ఫలితం లేకపోతే హైకోర్టుకు పరుగెత్తవద్దు. నీటి సరఫరా, పారిశుద్ధ్యం శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోని ప్రజోపయోగ సేవలు. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే అక్కడే తీర్పు ఇవ్వగలరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడిగితే దారి చూపిస్తారు. తీర్మానమే చెల్లదని అనిపిస్తే మాత్రం రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ తప్పదు. అందులోనూ కోర్టు రేటును తానే నిర్ణయించదు, మళ్లీ లెక్క చూడమని కార్పొరేషన్‌కే తిప్పి పంపడం ఎక్కువ.