చూడమన్నారు, చాటమనలేదు

చిరంజీవి బంగారూ,

అత్తయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "విన్నావా అక్కా, నీ మేనకోడలు ట్రావెల్ వెబ్‌సైట్ పెడుతుందట. వెళ్ళిన చోట మనుషుల్ని, వాళ్ళ పద్ధతుల్ని గౌరవిస్తూ ఎలా తిరగాలో చెప్పే సైటట. ఉద్యోగం కూడా మానేస్తానంటోంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. వాడి గొంతు నిండా కంగారే. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెబుదామనే ఈ ఉత్తరం.

నీకు ఏడేళ్ళప్పుడు మనిద్దరం రైల్లో వెళ్తున్నాం, గుర్తుందా? పట్టాల పక్కన ఇళ్ళ పెరట్లో ఎవరో బట్టలు ఆరేసుకుంటుంటే చూసి, "అత్తా, మనం వాళ్ళింట్లోకి చూస్తున్నాం కదా, వాళ్ళకి కోపం రాదా?" అని అడిగావు. నాకు ఆ ప్రశ్న తట్టడానికి ఒక పెద్ద తప్పు చేయాల్సి వచ్చింది. నీకు ఊరికే తట్టింది. అందుకే ఈ పని నువ్వు చేయగలవని నా నమ్మకం.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. సైట్ పేరు పలకడానికి తేలిగ్గా ఉండాలి, డొమైన్ నీ పేరు మీదే ఉండాలి. చదివేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లోనే చదువుతారు, సిగ్నల్ సరిగ్గా లేని చోట కూడా పేజీ తెరుచుకోవాలి. రాసినవన్నీ వేరే చోట బ్యాకప్ పెట్టుకో. మొదలుపెట్టే రోజుకి కనీసం పది వ్యాసాలు చేతిలో ఉంచుకో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. ఇది భయపడి అంటున్న మాట కాదు, కోపంగానే అంటున్నాను. నెల తిరిగేసరికి అద్దె కట్టాలన్న టెన్షన్ ఉన్నవాళ్ళు ఉచితంగా గది ఇస్తామన్న హోటల్ గురించి నిజం రాయలేరు. మంచి మనుషులు కూడా రాయలేరు, నేను చూశాను. బుకింగ్ లింకుల మీద కమీషన్ వస్తే వస్తోందని ఆ పేజీలోనే, పైనే రాయి. ఎవరైనా డబ్బిచ్చి రాయిస్తే, డబ్బు తీసుకున్నానని మొదటి వాక్యంలోనే చెప్పు. అలా చెప్పడానికి మొహమాటం వేసిందంటే ఆ డబ్బు తీసుకోకు.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

పత్రికలకి యాత్రా వ్యాసాలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కొండ ఊరికి వెళ్ళాను. పేరు రాయను, నీకు కూడా చెప్పను. పాతిక ఇళ్ళు ఉంటాయేమో. అక్కడ ఒక పెద్దావిడ నన్ను తన ఇంట్లో పడుకోనిచ్చింది. మర్నాడు పొద్దున్నే, ఇంకా మంచు విడవకముందే, "రా, ఒకటి చూద్దువుగాని" అని వెంట తీసుకెళ్ళింది. బండల మధ్య ఒక ఊట. దానికి ఇరవై అడుగుల ముందే ఒక చదును రాయి ఉంది, అక్కడ చెప్పులు విప్పింది. నేనూ విప్పాను. ఊట దగ్గర ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆవిడ కూర్చుంది, నేనూ కూర్చున్నాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున ఇసుక గింజలు పైకి లేచి మళ్ళీ పడటం కనిపించేది. లేచి వచ్చేటప్పుడు ఒక ఫోటో తీసుకుంటానని సైగ చేశాను. ఆవిడ తల ఊపింది.

ఆ తల ఊపడాన్నే నేను అన్నిటికీ అనుమతి అనుకున్నాను.

తిరిగొచ్చి వ్యాసం రాశాను. ఎంత శ్రద్ధగా రాశానో! ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ చెట్టు దగ్గర ఎడమకి తిరగాలి, అన్నీ. చదివినవాళ్ళు దారి తప్పకూడదని నా తాపత్రయం. ఊట పక్కన ఆవిడ కూర్చున్న ఫోటో అర పేజీ వేశారు. బోలెడు ఉత్తరాలొచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడాదంతా తెగ పొంగిపోయాను.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఒకప్పుడు మనిషి పట్టేంత ఉన్న కాలిబాట బండి పట్టేంత అయింది. చదును రాయి మీద ఎవరో పెయింట్‌తో పేర్లు రాసుకున్నారు. ఊట అంచున సబ్బు కాగితాలు. నీళ్ళలో ఇసుక కనిపించలేదు. ఆవిడ ఇంటికి వెళ్తే బిందె గడప పక్కన బోర్లించి ఉంది. ఇప్పుడు నీళ్ళకి కొండ అవతలికి వెళ్తున్నారని పక్కింటి కుర్రాడు చెప్పాడు.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. నా వ్యాసమే. వచ్చినవాళ్ళెవరో వదిలేసి వెళ్ళారట. నాలుగు మడతలు పెట్టి ఉంది. సరిగ్గా మడత మీదే ఆవిడ ముఖం పడి, రంగు పోయి తెల్లగా అయింది. జనం ఆ కాగితం పట్టుకొచ్చి, ఆవిడ ముఖాన్నీ ఫోటోనీ మార్చి మార్చి చూసి, "ఇలాగే కూర్చో అమ్మా" అని ఊట దగ్గర కూర్చోబెట్టేవాళ్ళట. "ఇందులో ఏం రాశావో చదివి వినిపించు" అంది. ఆవిడకి చదువు రాదు. చదివాను. మొదటి వాక్యం "ఎవరికీ తెలియని చోటు ఇది" అని ఉంది. అక్కడే నన్ను ఆపింది.

"ఎవరికీ తెలియదా? మరి మేమెవరం?"

అమ్మలూ, ఆ తర్వాత నేను రాసిన ప్రతి వాక్యానికీ ముందు ఆ మాట వినిపించింది. నీ సైట్‌లో "ఎవరికీ తెలియని", "నేను కనుక్కున్న", "ఇంకా జనం చేరని" లాంటి మాటలు ఒక్కసారి కూడా కనిపించకూడదు. అవి చిన్న మాటలే, కానీ అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్ళని లేనట్టు చేసేస్తాయి.

రెండోది, అనుమతి రెండుసార్లు అడుగు. చూడటానికి ఒకసారి, చెప్పడానికి ఇంకోసారి. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో నాకు ఆ ఊరు నేర్పింది. "నేను ఇది రాస్తే చాలామంది చదువుతారు, కొందరు వస్తారు, మీకు ఇష్టమేనా?" అని విడమరిచి అడుగు. ఒక్కరినే అడిగి ఊరుకోకు. మొహమాటానికి సరే అన్నవాళ్ళని మర్నాడు మళ్ళీ అడుగు. వద్దంటే రాయకు. రాయకుండా వదిలేసిన చోట్లు నీకు చాలా ఉండాలని నా కోరిక.

వద్దన్న మాట వినడం జనానికి ఎంత కష్టమో ఆస్ట్రేలియాలో ఉలురు కొండ సంగతి చూస్తే తెలుస్తుంది. అది అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి పవిత్రమైనది. 1985లో ఆ నేలని తిరిగి వాళ్ళకి అప్పగించారు. ఎక్కొద్దని కొండ కింద బోర్డు పెట్టి బతిమాలారు, ఎక్కినవాళ్ళకి ఏమైనా అయితే తమ మనసు కష్టపడుతుందని కూడా చెప్పారు. అయినా ఎక్కుతూనే ఉన్నారు. చివరికి 2017లో ఆ కొండ ఉన్న పార్కు పాలకమండలి తీర్మానం చేసి 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం ఆపేసింది. ఆపేస్తున్నారని తెలిసి, ఆఖరి రోజుల్లో ఎక్కేద్దామని జనం కొండ కింద క్యూ కట్టారు. ఆ క్యూ ఫోటో చూసినప్పుడు నాకు చదును రాయి మీద పెయింటు గుర్తొచ్చింది. నీ పాఠకులు ఆ క్యూలో ఉండకూడదు. అందుకే ప్రతి వ్యాసంలో "ఇక్కడ ఏం చేయకూడదు, ఎందుకు" అన్నది అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా, ఎలా వెళ్ళాలో చెప్పేకంటే ముందే రాయి.

అయిపోయిందేదో అయిపోయింది, ఇక బాగుపడదని కూడా అనుకోకు. థాయ్‌లాండ్‌లో మాయా బే అనే చిన్న తీరం ఒక సినిమాలో కనిపించాక రోజుకి వేలమంది వచ్చి పగడపు దిబ్బలు పాడయ్యాయి. 2018 జూన్‌లో మూసేశారు. 2022 జనవరిలో తెరిచేసరికి సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవల్ని ఆ తీరంలోకి రానివ్వరు, వెనకవైపు దించుతారు, జనం లెక్క కూడా ఉంటుంది. ఇలాంటి కబుర్లు తప్పకుండా రాయి. ఒక చోటు మూసి ఉన్నప్పుడు "అయ్యో, చూడలేకపోయామే" అని బాధపడేవాళ్ళకి, ఆ మూసిన రోజుల్లో అక్కడ ఏం జరుగుతుందో తెలియాలి.

ఫోటోల సంగతి. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ తీశామో ఆ లొకేషన్ లోపలే దాగి ఉండొచ్చు. సైట్‌లో పెట్టేముందు తీసెయ్. నలిగిపోగల చోట్లకి మ్యాప్‌లో గుర్తు పెట్టకు, దగ్గరి ఊరి పేరు చాలు. పిల్లల ముఖాలు వద్దు, నవ్వుతూ ఎదురొచ్చినా వద్దు. అనాథాశ్రమాలు చూసి వద్దామనే టూర్లు ఉంటాయి, వాటి గురించి పొరపాటున కూడా మంచిగా రాయకు. ఆ ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. చూడటానికి జనం వస్తున్నారు కాబట్టి పిల్లల్ని అక్కడ ఉంచే చోట్లు కూడా ఉన్నాయి. అండమాన్‌లో జరావా ఆదివాసులు ఉండే అడవి గుండా వెళ్ళే రోడ్డు మీద బండి ఆపకూడదు, వాళ్ళ ఫోటో తీయకూడదు, అది నేరం. అయినా వాళ్ళని "చూపిస్తాం" అని ఆశపెట్టినవాళ్ళు ఉన్నారు. మనుషుల్ని చూడటానికి మనుషులు టికెట్ కొనడమేమిటి? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు.

మంచి నమూనా ఒకటి చెప్పనా? పసిఫిక్ సముద్రంలో ఉన్న పలావ్ దీవుల దేశంలో 2017 చివరి నుంచి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టులో ఒక ప్రమాణం ముద్ర వేస్తున్నారు. దాని మీద సంతకం చేస్తేనే లోపలికి రానిస్తారు. ఆ ప్రమాణం అక్కడి పిల్లలకి చేసేది. ప్రభుత్వానికి కాకుండా పిల్లలకి మాటివ్వాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ఎంత బాగుందో! నీ సైట్ మొదటి పేజీకి మాటలు వెతుక్కుంటున్నప్పుడు అది గుర్తు తెచ్చుకో.

వీలైతే ఆ చోటి వాళ్ళ చేతే రాయించు. వాళ్ళకి డబ్బివ్వు, పేరు వెయ్యి. నువ్వే రాస్తే, అచ్చయ్యే ముందు వాళ్ళ భాషలో వాళ్ళకి చదివి వినిపించు. రాశాక ఏడాదికి ఒకసారైనా కనుక్కో, ఎలా ఉంది, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని. ఇబ్బంది అంటే వ్యాసం తీసెయ్. ఎంతమంది చదువుతున్నా సరే తీసెయ్. నా వ్యాసం అచ్చయిన కాగితం, నేను వెనక్కి తీసుకోలేకపోయాను. నీ చేతిలో ఆ వీలుంది.

ఒంటరిగా వెళ్ళినప్పుడు ఎక్కడున్నావో మీ నాన్నకి రోజూ ఒక మెసేజ్ పెట్టు. వాడు పైకి అనడు గానీ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. నాకూ పెట్టు.

మొదటి వ్యాసం రాయగానే పెట్టెయ్యకుండా నాకు ఫోన్ చేసి చదువు. ఎంత రాత్రయినా పర్వాలేదు, మెలకువగానే ఉంటాను.

ఆ రోజు ఆవిడ ఆ కాగితాన్ని మళ్ళీ నాకే ఇచ్చేసింది. ఇన్నాళ్ళూ నా పెట్టెలోనే ఉంది. ఈ ఉత్తరంతో పాటు నీకు పంపుతున్నాను. బస్సు, చెట్టు, ఊరి పేరు ఉన్న భాగం కత్తిరించేశాను. మిగిలింది నెమ్మదిగా విప్పు, మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది.

నీ అత్తయ్య