మైనస్ ముందుంటే బ్రాకెట్ వెయ్యి బుజ్జీ

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఎక్స్ భిన్నాల లెక్కల పేపర్ ఫోటో నిన్న రాత్రి కళ్ళజోడు పెట్టుకుని జూమ్ చేసి మరీ చూశా. ఆరు లెక్కల్లో నాలుగు తప్పాయని అన్నం తినకుండా పడుకున్నావంట, మీ అమ్మ చెప్పింది. నాలుగు తప్పులు కాదే అవి, ఒకటే తప్పు నాలుగుసార్లు చేశావ్. హారాలకి కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) బానే తీశావ్, గుణకారాలు బానే ఉన్నాయ్, మైనస్ దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ కాలు జారింది. ముప్పై ఏళ్ళు వీధి అరుగు మీద ట్యూషన్ చెప్పా, ఈ తప్పు చెయ్యని పిల్లని ఇంకా చూళ్ళేదు.

నీ రెండో లెక్క చూడు. 5/(ఎక్స్ − 3) − (ఎక్స్ − 4)/(ఎక్స్ − 3). హారం ఒకటేగా అని పైన 5 − ఎక్స్ − 4 రాసేసి 1 − ఎక్స్ తేల్చావ్. మైనస్ ఎక్స్‌కి తగిలింది గానీ వెనకాల ఉన్న 4ని వదిలేశావ్. భిన్నంలో అడ్డగీత ఉంది చూశావా, అది లవం మొత్తాన్నీ మూట కట్టి ఉంచుతుంది, రెండు భిన్నాల్నీ ఒకే గీత మీదకి తెచ్చేసరికి రెండోదాని గీత పోయి మూట ఊడిపోతుంది, అందుకని ఆ ముడి నువ్వే బ్రాకెట్‌తో వెయ్యాలి. 5 − (ఎక్స్ − 4). ఇప్పుడు విప్పు, 5 − ఎక్స్ + 4, అంటే పైన 9 − ఎక్స్.

కొట్లో 40 రూపాయల సరుక్కి 5 తగ్గించాడనుకో, వంద నోటిస్తే నీకు రావాల్సింది 100 − (40 − 5), 65. నువ్వు చేసినట్టు చేస్తే 55 పుచ్చుకుని ఇంటికొచ్చేస్తావ్. మనం రుణ సంఖ్య అనేది కూడా అప్పు అనే అర్థంతోనే కదా, బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, రుణం అని పేర్లు పెట్టి, సున్నాలోంచి అప్పు తీసేస్తే ఆస్తి అవుతుందని రాసిపెట్టాడు. బ్రాకెట్‌లో ఉన్న −4ని తీసేస్తే +4 అయ్యేది అందుకే.

తప్పో ఒప్పో నువ్వే తేల్చుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఎక్స్‌కి ఏదో ఒక అంకె పెట్టి చూడు, హారం సున్నా అయ్యే అంకె మాత్రం వద్దు. పై లెక్కలో 5 పెట్టు, 5/2 − 1/2, 2 వచ్చింది. నా జవాబులో పెడితే 4/2, అదీ 2. నీ జవాబులో −2. అర నిమిషం పని ఇది, పరీక్షలో నేనూ బద్ధకించి మార్కులు పోగొట్టుకున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా.

ఇంకోటి, హారాలు తిరగబడి ఉంటే కంగారుపడి రెండూ గుణించెయ్యకు. 7/(ఎక్స్ − 3) + 2/(3 − ఎక్స్) అని ఇచ్చాడనుకో, 3 − ఎక్స్ అంటే −(ఎక్స్ − 3)యే, ఆ మైనస్‌ని ముందుకి లాగేస్తే 7/(ఎక్స్ − 3) − 2/(ఎక్స్ − 3), 5/(ఎక్స్ − 3)తో అయిపోయింది. అలాగే హారంలో ఎక్స్ స్క్వేర్ − 9 లాంటిది కనిపిస్తే ముందు కారణాంకాలు రాసుకో, కసాగు చిన్నదవుతుంది. పైన ఒక ఎక్స్, కింద ఒక ఎక్స్ ఉంది కదా అని (9 − ఎక్స్)/(ఎక్స్ − 3)లో కొట్టేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది, కూడికా తీసివేతా మధ్యలో ఉన్నవాటిని కొట్టెయ్యకూడదు, గుణకారంలో ఉన్నవాటినే కొట్టెయ్యాలి.

ఇదంతా ఇక్కడితో పోయేది కాదు, పదో తరగతి వర్గ సమీకరణాల్లో మళ్ళీ వస్తుంది. 1/(ఎక్స్ + 4) − 1/(ఎక్స్ − 7) = 11/30 అని ఒకటుంటుంది, అక్కడ పైన (ఎక్స్ − 7) − (ఎక్స్ + 4), అంటే −11 వస్తుంది, అటుపక్క 11తో పోయి (ఎక్స్ + 4)(ఎక్స్ − 7) = −30, ఎక్స్ 1 గానీ 2 గానీ. బ్రాకెట్ మర్చిపోతే −3 వచ్చి 11తో పోక పేజీ అంతా కొట్టివేతలే. ఇంటర్‌లో పాక్షిక భిన్నాలప్పుడు ఇదే పనిని వెనక్కి చేయిస్తారు, కలిపిన భిన్నాన్ని మళ్ళీ చిన్న భిన్నాలుగా విడగొట్టమంటారు, అప్పటి సంగతి అప్పుడు చూద్దాం.

సరే, రేపు స్కూల్‌కి వెళ్ళేలోపు ఇదొక్కటి చేసి ఫోటో పెట్టు. 2/(ఎక్స్ − 1) − (ఎక్స్ − 3)/(1 − ఎక్స్). జవాబులో ఎక్స్ మాయమైపోతే భయపడి కొట్టెయ్యకు, రెండు అంకెలు పెట్టి చూసుకుని పంపు.

మీ తాతయ్య