ఈక్వలైజర్ జోలికి ఆఖర్న వెళ్లు

తమ్ముడూ,

కారులో పాట పెడితే బేస్ (కింది స్వరాలు) వెనక సీట్లో దిట్టంగా, డ్రైవర్ సీట్లో పలచగా ఉందని రాశావు. 70 హెర్ట్జ్ దగ్గర ఈక్వలైజర్‌ని (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) 6 డెసిబెల్స్ పెంచినా ఫలితం లేదన్నావు. ముందు దాన్ని సున్నాకి తెచ్చేయ్. 6 డెసిబెల్స్ అంటే నాలుగింతల పవర్. 50 వాట్లు తీసుకునే డోర్ స్పీకర్‌ని 200 వాట్లు మింగమన్నట్టు.

మొదట గెయిన్ చూడు, అంటే ఆంప్ (యాంప్లిఫయర్) సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే మీట. హెడ్ యూనిట్‌లో (డ్యాష్‌బోర్డు స్టీరియోలో) బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ ఏవీ వద్దు. స్పీకర్ వైర్లు ఊడదీసి, పూర్తి స్థాయిలో రికార్డయిన 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆంప్ అవుట్‌పుట్‌ని మల్టీమీటర్‌లో ఏసీ వోల్టుల్లో కొలువు. వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే నీకు కావలసిన అంకె వస్తుంది, మీటర్‌లో అది కనబడేదాకా గెయిన్ తిప్పు: 50 వాట్లు, 4 ఓమ్స్ అయితే 14.1 వోల్టులు, సబ్‌వూఫర్‌కి (సబ్, అంటే కింది స్వరాల పెద్ద స్పీకర్) 300 వాట్లు, 2 ఓమ్స్ అయితే 24.5. ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్), డోర్ ఛానళ్లు కొలవాలంటే వాటి క్రాసోవర్ (ఏ స్వరాలు ఏ స్పీకర్‌కి పోవాలో పంచే ఫిల్టర్) తీసేయాలి. వైర్లు తిరిగి కలిపేముందు క్రాసోవర్ మళ్లీ పెట్టడం మర్చిపోయావో, ట్వీటర్ ఒక పాట పూర్తయ్యేదాకా కూడా ఆగదు.

తర్వాత టైమ్ అలైన్‌మెంట్, అంటే అన్ని స్పీకర్ల శబ్దం ఒకేసారి నీ చెవికి చేరేలా ఆలస్యాలు పెట్టడం. ప్రతి స్పీకర్ నుంచి నీ తల దాకా టేపుతో కొలువు. శబ్దం మిల్లీసెకనుకి దాదాపు 34.3 సెంటీమీటర్లు పోతుంది. సబ్ 200 సెంటీమీటర్లు, దూరపు డోర్ 130, దగ్గరి డోర్ 95 అనుకో. సబ్‌కి సున్నా, దూరపు డోర్‌కి 2.04, దగ్గరి డోర్‌కి 3.06 మిల్లీసెకన్లు. ఆలస్యం చేయాల్సింది దగ్గరి స్పీకర్‌ని. చాలామంది ఇక్కడే తిరగేస్తారు. సబ్ విషయంలో టేపు లెక్క ఆరంభం మాత్రమే, ఎందుకంటే ఫిల్టర్లు కూడా తమ వంతు ఆలస్యం కలుపుతాయి.

ఇప్పుడు నీ అసలు తంటా. అద్దాలు మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి, నువ్వు సీట్లోనే కూర్చో. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష రొద) పెట్టి, కాలిబ్రేషన్ ఫైలున్న (తన తప్పుల్ని సరిదిద్దే లెక్క ఉన్న) మైక్‌ని రెండు చెవుల చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ ఏ ఫ్రీక్వెన్సీలో శబ్దం ఎంతుందో అర నిమిషం పాటు సగటు గ్రాఫ్ తీయి. ఒకేచోట నిలిపితే అంగుళం జరిగినా పై ఫ్రీక్వెన్సీల గ్రాఫ్ మారిపోతుంది. ఫోన్ మైక్‌ని బేస్ దగ్గర నమ్మకు.

సబ్ ఒక్కటే, డోర్లు మాత్రమే, తర్వాత రెండూ కలిపి, ఇలా మూడు గ్రాఫులు తీయి. క్రాసోవర్ 80 దగ్గర ఉంటే ఆ చుట్టుపక్కల మూడోది మిగతా రెండిటికంటే పైన ఉండాలి. 70 దగ్గర అది కిందికి పడిందా, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయన్న మాట. అక్కడ నువ్వు రెండిటినీ ఎంత పెంచితే అంత రద్దవుతుంది. సబ్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి చూడు. గుంట పూడితే సరే; సగమే పూడితే సబ్‌కీ డోర్లకీ మధ్య ఆలస్యాన్ని అర మిల్లీసెకను చొప్పున జరుపు, రెండు డోర్లనీ కలిపే జరుపు. అంతకుముందు రెండు డోర్ల వైరింగూ ఒకే తీరున ఉందో లేదో చూసుకో: ఆంప్ నుంచి విడదీసిన స్పీకర్‌కి 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి.

ఇదంతా అయ్యాకే ఈక్వలైజర్. గుట్టల్ని దించు, గుంటల్ని వదిలేయ్. ఎడమ, కుడి విడివిడిగా ఒకే లక్ష్యపు గీతకి తీసుకురా. ఆ గీత చదునుగా ఉండకూడదు. బేస్ కొన్ని డెసిబెల్స్ ఎత్తుగా మొదలై, పైకి పోయేకొద్దీ మెల్లగా దిగాలి. బండి కదిలితే టైర్ల రొద కింది స్వరాలనే ముందు మింగేస్తుంది.

పోలారిటీ తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి ఆ మూడు గ్రాఫులూ తీసి పంపు.