ఒక పక్క పలచన, మధ్యలో నల్ల గీత

ప్రశ్న: అన్నా, మా షాపుకు డ్రమ్ సాండర్ (సాండ్‌పేపర్ చుట్టిన డ్రమ్ముతో చెక్కను నున్నగా చేసే మెషీన్) తెచ్చాం. టేకు పలక ఎడమ పక్క పలచగా వస్తోంది. మధ్యలో కాలినట్టు నల్ల గీత కూడా పడుతోంది. మెషీన్ వాపస్ ఇచ్చేద్దామా?
– ఒక కార్పెంటర్, ప్రొద్దుటూరు

జవాబు: వద్దు తమ్ముడూ, టెన్షన్ పడకు. డ్రమ్ము, దాని కిందకు చెక్కను నడిపే బెల్టు లెవెల్ కలవలేదు, అంతే. ఒకే మందం ఉన్న రెండు వేప పట్టీలు తీసుకో. బెల్టుకు చెరో అంచున పెట్టి, ఎత్తు మార్చకుండా రెండింటినీ పంపి, వెర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలువు. ఎడమ పట్టీ తక్కువ వస్తే ఆ వైపు డ్రమ్ముకూ బెల్టుకూ మధ్య సందు తక్కువుందన్నమాట. ప్లగ్ పీకేసి, ఆ వైపు బోల్టులు వదులు చేసి, సందు రవ్వంత పెంచి బిగించు. కొన్ని మెషీన్లలో డ్రమ్ము కదులుతుంది, కొన్నింట్లో టేబుల్. మీది ఏదో దాని పుస్తకంలో చూడు. పట్టీలు రెండూ సమానంగా వచ్చేదాకా విసుక్కోవద్దు. తలుపు ఫ్రేము బిగించాక అర మిల్లీమీటర్ తేడా కూడా చేతికి తగులుతుంది.

నల్ల గీత సంగతి వేరు. టేకు జిడ్డు పేపర్‌కు ఒకచోట అంటుకుని, అక్కడే చెక్కను కాలుస్తుంది. క్రేప్ రబ్బరు కడ్డీతో శుభ్రం చెయ్యి. పోకపోతే పేపర్ మార్చు. చుట్టేటప్పుడు అంచు మీద అంచు ఎక్కనివ్వకు. గరుకైన 80 నంబర్ పేపరైనా ఒక్కసారికి పావు మిల్లీమీటర్ మించి తీయకు. డస్ట్ కలెక్టర్ లేకుండా మాత్రం మెషీన్ ఆన్ చేయొద్దు, టేకు పొడి ఊపిరితిత్తులకు చెడ్డది.