పేగుకు ఒక మందు, కీళ్లకు ఇంకో మందు... రెండూ పడటం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 34. మాది ఖమ్మం దగ్గర పల్లె. మూడేళ్ల కిందట క్రోన్స్ జబ్బు (పేగు వాచి పుండ్లు పడే జబ్బు) అన్నారు. మందులతో విరేచనాలు తగ్గాయి. ఏడాదిగా తెల్లవారుజామున నడుము పట్టేస్తోంది, కుడి మోకాలు వాస్తోంది. ఎముకల డాక్టర్ రాసిన నొప్పి మాత్రలతో కీళ్లు బాగుంటున్నాయి. కానీ మళ్లీ రోజుకు ఆరేడుసార్లు విరేచనం, రక్తం కూడా పడుతోంది. ఇప్పుడు ఇంజెక్షన్లు అంటున్నారు. వాటితో టీబీ వస్తుందట కదా? ఖర్చు కూడా భయంగా ఉంది. పెళ్లయి ఏడాదైంది, పిల్లల కోసం చూస్తున్నాం. ముందు ఏ జబ్బుకు వైద్యం చేయించుకోవాలి?
– ఓ పాఠకుడు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లా లేవు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి పేగు గోడ మీదా, కీళ్ల మీదా ఒకేసారి పడుతోంది. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని ఆలోచించకండి. రెండింటికీ పనికొచ్చే మందు ఏదో చూద్దాం.

అంతకంటే ముందు ఆ నొప్పి మాత్రలు ఆపేయండి. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ లాంటివి పేగు లోపలి పొరకు రక్షణగా ఉండే పదార్థాలను తగ్గిస్తాయి. అందరికీ కాకపోయినా, క్రోన్స్ ఉన్న కొందరికి వీటితో జబ్బు తిరగబెడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లను ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కవర్లో వేసుకు రమ్మంటాను. ‘నేను పారాసెటమాలే వేసుకుంటున్నా సార్’ అంటూ తీసిన షీటు వెనక్కి తిప్పి చూస్తే, చిన్న అక్షరాల్లో ఎసిక్లోఫినాక్ కూడా ఉంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేది తరచూ ఈ రెండూ కలిసిన బిళ్లే. మీ షీటు కూడా ఒకసారి తిప్పి చూడండి. లివర్ సమస్య లేకపోతే, ఒట్టి పారాసెటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో వాడొచ్చు.

రక్తం పడుతోంది కాబట్టి ఈ వారమే మీ గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి. ఇది జబ్బు తిరగబెట్టడమా, ఇన్‌ఫెక్షనా అన్నది మల పరీక్ష చేస్తే గానీ తెలియదు.

ఇక కీళ్లు. మోకాలి లాంటి పెద్ద కీలు వాపు సాధారణంగా పేగుతో పాటే పెరిగి, పేగు కుదుటపడితే తగ్గుతుంది. నడుము అలా కాదు. పేగు ప్రశాంతంగా ఉన్నా దాని దారి దానిదే. నొప్పికి తెల్లవారుజామున మెలకువ వచ్చి, లేచి నాలుగడుగులు వేశాక సడలితే అది బరువులెత్తితే వచ్చే నొప్పి కాదు, వాపుతో వచ్చేది. తుంటి దగ్గరి సాక్రోఇలియాక్ కీళ్లకు ఎంఆర్‌ఐ తీస్తే స్పష్టత వస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

సల్ఫాసలజీన్ అనే పాత మాత్ర ఉంది. స్వీడన్‌లో నానా స్వార్ట్జ్ అనే వైద్యురాలు దాన్ని కీళ్లవాతం కోసమే తయారుచేయించారు, తర్వాత పేగుకూ పనికొచ్చింది. మీ మోకాలికి మేలు చేయొచ్చు గానీ నడుముకు చేయదు. పైగా అది వాడినంత కాలం వీర్యకణాలు తగ్గుతాయి. ఆపేశాక రెండు మూడు నెలల్లో మళ్లీ మామూలవుతాయి. పిల్లల కోసం చూస్తున్నామని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

ఇంజెక్షన్ల విషయంలో పేరు అడగడం చాలా ముఖ్యం. ఎటానర్‌సెప్ట్ కీళ్లకు బాగా పనిచేస్తుంది, క్రోన్స్‌కు పనిచేయదు. సెక్యుకినుమాబ్ నడుముకు మంచి మందే, కానీ క్రోన్స్‌ను పెంచే ప్రమాదం ఉంది. వెడోలిజుమాబ్ పేగు వరకే, కీళ్లకు అంతగా ఉపయోగపడదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మాత్రం పేగుకూ, మోకాలికీ, నడుముకూ మూడింటికీ పనిచేస్తాయి. మీలాంటివారికి నేను ముందు ఆలోచించేది వీటినే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవారు వీటిని ఆపాల్సిన పని లేదు. అడాలిముమాబ్‌కు మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానంగా పనిచేసేవి) 2014 నుంచి దొరుకుతున్నాయి, ధర తక్కువ. అవి అడగండి.

టీబీ గురించి మీ భయం అనవసరమైనది కాదు. ఈ ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్తపరీక్ష), హెపటైటిస్-బి పరీక్ష చేయించకుండా ఒప్పుకోకండి. దాగి ఉన్న టీబీ బయటపడితే ముందు దానికి మందులు మొదలుపెట్టి, సాధారణంగా నెల తర్వాత ఇంజెక్షన్ ఇస్తారు. ఇంకో సంగతి, పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. మూడేళ్ల కిందటి కొలనోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు మళ్లీ ఒకసారి చూపించండి.

సిగరెట్, బీడీ అలవాటుంటే మానేయండి, క్రోన్స్‌కు అది పెద్ద శత్రువు.

ఇద్దరు డాక్టర్ల చీటీలూ ఒకే ఫైల్లో పెట్టుకుని, ఒకరు రాసింది ఇంకొకరికి చూపించండి. వీలైతే ఇద్దరినీ ఫోన్లో మాట్లాడుకోమని అడగండి, మొహమాటపడకండి. కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ జబ్బు కంటికీ పాకుతుంది. ఇంజెక్షన్ మొదలయ్యాక జ్వరం, దగ్గు తగ్గకపోతే తర్వాతి డోసు వేయించుకునే ముందే డాక్టర్‌కు చెప్పండి.