మనసు విరిగిందా, గుండె పగిలిందా?

సందేహం: "ఇరవై ఏళ్ళ కిందటి నా ప్రేమకథ రాసుకుంటున్నాను. ఆ అమ్మాయి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వైపు వెళ్ళిపోయిన రోజు గురించి ‘నా మనసు విరిగిపోయింది’ అని రాశాను. మా అక్క చదివి ‘అదేంట్రా, ఆ పిల్లంటే నీకే ఇష్టం పోయిందా?’ అంది. వాక్యం తప్పా? పోనీ ‘గుండె పగిలింది’ అందామంటే ఇంగ్లీషు వాసనేమోనని అనుమానం."

– రాజోలు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ అక్కగారే రైటండీ. వ్యాకరణానికి ఏ లోటూ లేదు గానీ, మీరు చెప్పాలనుకున్నదానికి ఎదురు తిరిగింది ఆ వాక్యం. వాడుకలో మనసు ఊరికే విరగదు, ఎవరో ఒకరి మీద విరుగుతుంది. "పొలం పంపకాలయ్యాక తమ్ముడి మీద మనసు విరిగిపోయిందండి" అంటారు చూడండి, అంటే బెంగగా ఉందని కాదు, ఇక వాడితో పని లేదని. పాలు విరిగినప్పుడు గిన్నెలోకి తొంగి చూస్తే తెలుస్తుంది: పాలెక్కడికీ పోవు, విరుగు ఒకపక్క, పసుపు తేలిన నీళ్ళు ఒకపక్క, ఎంత కలిపినా మళ్ళీ పాలు కావు. ఇనుము విరిగితే రెండు మూడు సార్లు కాచి అతకొచ్చు గానీ మనసు విరిగితే అతకదని వేమన అన్నదీ ఇదే అర్థంలో. విషాన్ని పనిచెయ్యనివ్వని ‘విరుగుడు’ కూడా ఈ ‘విరుగు’ చుట్టమే. (‘విరక్తి’ని కూడా ఇందులో కలిపేస్తుంటారు. అది సంస్కృతం, దాని ధాతువు వేరు.)

గుండె పగలడానికి దెబ్బ బయటినుంచి పడాలి, కొబ్బరికాయకు పడ్డట్టు. "గుండెలు పగిలేలా ఏడ్చింది", "కబురు విని గుండె పగిలి పోయాడు" అనే ముసలమ్మలు ఏ ఇంగ్లీషు చదివారు? నిక్షేపంగా రాయండి. కాకపోతే అది ఆ క్షణానికి సరిపోయే మాట. తర్వాత నెమ్మదిగా ఊరి నిండిన దుఃఖానికి ‘గుండె చెరువైంది’ ఉంది, కాలవల మధ్య పెరిగినవాళ్ళకు దాన్ని వేరే వివరించక్కర్లేదు. ‘మా ఇద్దరికీ చెడింది’ మాత్రం వద్దు, అందులో తగాదా వినిపిస్తుంది. మీ ఉత్తరంలో తగాదా జాడే లేదు.

అసలు మీ మనసు విరగలేదనడానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. ఆమె గొడుగు రంగు రాశారు, కర్ర పిడికి చుట్టిన దారం రాశారు, పంటు అవతలి రేవు చేరాక కూడా ఆ గొడుగు కోసం వెతికానన్నారు. మనసు విరిగినవాడికి దారం గుర్తుండదు. నన్నడిగితే అక్కడ ఏ జాతీయమూ పెట్టొద్దు, గొడుగు కనిపించకుండా పోయిన చోటే పేరా ఆపెయ్యండి.

అన్నట్టు, ‘పంటు’ కొట్టేసి పైన ‘ఫెర్రీ’ అని దిద్దారు. పంటే ఉంచండి.